ఎనిమిది తుదిపోటీలు



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములందలి పెద్దలు క్రికెట్టు ఆటను గూర్చిన ప్రసంగమునకు చెవి యొగ్గుదురా యని కొందరికి సందేహము కలుగవచ్చును. మన పల్లెలలో చెడుగుడు కలదు, బిళ్ళంగోడు కలదు, సంక్రాంతికి కోడిపందెములు కలవు. తెల్లని దుస్తులు ధరించి మూడు నాలుగు దినములు ఎండలో నిలిచి యాడు ఈ ఆట పట్టణపు పిల్లలదని పెద్దల యభిప్రాయము. అయినను 1932వ సంవత్సరము జూన్ 25వ తేదీన, భారతదేశపు జట్టు తన మొట్టమొదటి టెస్టుపోటీకి లండనులోని లార్డ్సు మైదానమున దిగినప్పుడు, ఆ జట్టునకు నాయకులై ముందు నడచినవారు ఒక తెలుగువారు. వారే కొఠారి కనకయ్య నాయుడుగారు. లోకమంతయు వారిని సి. కె. నాయుడని పిలిచినది. వారి పూర్వులు మచిలీపట్టణమునుండి ఉత్తరమునకు తరలిపోయినవారని వాడుక.

ఈ వాడుకను పట్టుకొని నాయుడుగారు మావారని బందరువారు చెప్పుకొందురు. అందు తప్పు లేదు గాని, కొంచెము నిదానించి చూడవలెను. ఆయన 1895 అక్టోబరు 31వ తేదీన జన్మించినది నాగపురమున. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు అక్కడ పేరుపొందిన వకీలు. ఆట నేర్చినదియు అక్కడనే. 1923లో హోల్కరు మహారాజు పిలిపించి తన సైన్యమున కొలువిచ్చినది మొదలు వారి జీవితము ఇండోరుతో ముడివడినది. విత్తనము ఒక ఊరిది, నీరు వేరొక ఊరిది, గాదె మూడవ ఊరిది అయినప్పుడు పంట ఎవరిదని వాదించుట ఎందులకు? ఆయన తెలుగుజట్టు పక్షమున నిలిచిన కాలమొకటి కలదు. అది కడపట చెప్పెదను.

నేడు నేను చెప్పదలచినది లార్డ్సు సంగతి కాదు. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయిలో ఇంగ్లీషు జట్టుమీద ఆయన 11 సిక్సర్లు కొట్టి 153 పరుగులు చేసిన సంగతియు కాదు. ఆ కథలు పలువురు పలుమారులు చెప్పియున్నారు. నేను చెప్పదలచినది అంతకంటె తరువాతిది. ఏబదియేండ్ల వయసున, మనలో చాలమంది పొలము కొడుకుల కప్పగించి అరుగుమీద కూర్చుండు వయసున, ఆయన ఒక సంస్థానపు జట్టును తీసికొని ఎనిమిదిమారులు దేశపు తుదిపోటీకి వెళ్లిన చరిత్ర. ఆ ఎనిమిదింటిలో నాలుగు గెలిచిరి, నాలుగు ఓడిరి.

ముందుగా పోటీ యెట్టిదో తెలియవలెను. రంజిత్ సింహజీ అను నవానగరపు జాంసాహేబుగారి పేరిట 1934లో ఈ పోటీ ఏర్పడినది. ఆ కాలమున దేశమునందలి రాష్ట్రములు, సంస్థానములు తమతమ జట్లను పంపెడివి. ఓడిన జట్టు ఇంటికి పోయెడిది, గెలిచినది ముందునకు సాగెడిది. కడపట మిగిలిన రెండు జట్లు తుదిపోటీ ఆడును. జట్టునకు పదునొకండుగురు. ఒక్కొక్క జట్టు రెండుమారులు బ్యాటు పట్టును. ఎదిరిని రెండుమారులును పూర్తిగా పడగొట్టి, మొత్తముమీద ఎక్కువ పరుగులు చేసినవారిది గెలుపు. గడువు లోపల ఆట తేలనిచో, మొదటిమారు ఎవరు ఎక్కువ పరుగులు చేసిరో వారికే పోటీ దక్కును. హైకోర్టులో అప్పీలు తేలకముందే గడువు తీరిపోయి జిల్లాకోర్టు డిక్రీయే నిలిచినట్లు అని దావాలెరిగిన మన పెద్దలు గ్రహింపవచ్చును.

అమెరికా దేశమున బేస్‌బాల్ అను బంతియాట కలదు. దాని తుదిపోటీ ఒక్క ఆట కాదు, ఏడాటల శ్రేణి. నాలుగు ముందుగా గెలిచినవారిది పందెము. 1960లో అట్టి శ్రేణిలో న్యూయార్కు జట్టు ఏడాటలందును కలిపి 55 పరుగులు చేసెను, పిట్సుబర్గు జట్టు 27 మాత్రమే చేసెను. అయినను ఏడవ ఆట కడపట ఒక్క దెబ్బతో పిట్సుబర్గువారు నాలుగవ గెలుపు దక్కించుకొనిరి. మొత్తము లెక్క వేరు, గెలుపు లెక్క వేరు. మన దేశమున ఏటికొక్క తుదిపోటీయే గాని శ్రేణి లేదు. అయినను 1945 మొదలు 1953 వరకు హోల్కరు జట్టు ఆడిన తుదిపోటీలను వరుసగా పేర్చి చూచినచో, అదియు ఒక శ్రేణివలెనే కనబడును. ఎదిరిపక్షముల పేర్లు మారినవి, ఒకచోట బొంబాయి, ఒకచోట బరోడా. ఇటుపక్క మాత్రము ఆ పొడవాటి మనిషి, ఆ తీక్ష్ణమైన చూపు, అవే.

హోల్కరు జట్టు ఎట్లు పుట్టినదో రెండు మాటలు చెప్పవలెను. మన సీమలో జమీందారులు మల్లులను, భాగవతులను పోషించినట్లే, సంస్థానాధీశులు క్రికెట్టు ఆటగాండ్రను పోషించిరి. సైన్యమునందో కచ్చేరీయందో కొలువిచ్చి జీతము చెల్లించిరి. బరోడా గైక్వాడు మహారాజుగారి కొలువున విజయ్ హజారే ఉండెను. ఇండోరున ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కరు మున్నగువారు చేరిరి. నాయుడుగారి తమ్ముడు సి. ఎస్. నాయుడు అంతకుముందు బరోడా పక్షమున ఆడినవాడే, అన్నగారి జట్టునకు వచ్చెను. రైతులు కట్టిన శిస్తు సొమ్ము బంతియాటకు వెచ్చించుట తగునా యని అడుగువారు అప్పుడునుండిరి, ఇప్పుడునున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ కొలువు లేకున్న, జీవనమునకు వేరుదారి లేని ఎందరో ఆటగాండ్రు ఏ గుమాస్తా పనిలోనో ముగిసిపోయెడివారనుటయు నిజమే.

మొదటి తుదిపోటీ 1945 మార్చి నెలలో బొంబాయి బ్రేబరన్ మైదానమున జరిగినది. ఎదిరిపక్షము బొంబాయి. అప్పటికి యుద్ధము ముగియలేదు. ఇండోరు సమీపమున మౌ అను దండుబస్తీ కలదు. అక్కడి ఆంగ్లసైన్యమున పనిచేయుచుండిన డెనిస్ కాంప్టన్ అను ప్రసిద్ధ ఆటగాడు హోల్కరు పక్షమున చేరెను. బొంబాయి మొదట 462 పరుగులు చేసెను. హోల్కరు 360. రెండవమారు బొంబాయివారు 764 చేసిరి. అందు విజయ్ మర్చంటు ఒక్కనివే 278. అనగా గెలుపునకు హోల్కరు 867 పరుగులు చేయవలెను. ఇది సముద్రమునకు గట్టు వేయుమన్నట్లున్నది. అయినను వారు బ్యాటు దించలేదు. మొదటిమారు శతకము కొట్టిన ముస్తాక్ అలీ రెండవమారును శతకము కొట్టెను. కాంప్టన్ 249 పరుగులు చేసి కడవరకు పడకుండ నిలిచెను. మొత్తము 492. ఓటమి 374 పరుగుల తేడాతో. రెండు జట్లు కలిపి ఆ పోటీలో చేసిన పరుగులు 2078.

ఈ పోటీలో నా మనసును పట్టినది పరుగులు కావు. సి. ఎస్. నాయుడు ఒక్కడే 917 బంతులు వేసెను. 428 పరుగులు ఇచ్చి 11 వికెట్లు తీసెను. ఒక్క పోటీలో ఇన్ని బంతులు వేసినవాడు గాని ఇన్ని పరుగులిచ్చినవాడు గాని చరిత్రలో వేరొకడు లేడు. వినుటకు ఇది పరాజయపు లెక్కవలె తోచును. కాని కోతకాలమున ఎకరములకు ఎకరములు వంగి కోసినవానికి ఈ సంఖ్య అర్థము తెలియును. అన్న నాయకుడు, తమ్ముని చేతికి మరల మరల బంతి నిచ్చుచుండెను, తమ్ముడు వలదనలేదు. తమ్ముడని అలుసు చూపుట ఆ నాయకునికి తెలియదు.

మరుసటి యేడు ఎదిరిపక్షము బరోడా. హోల్కరు మొదట 342 పరుగులు చేసెను. అందు 200 నాయుడుగారివే. వారి వయసు అప్పటికి ఏబదియేండ్ల మీద కొన్ని నెలలు. ఆ వయసున దేశపు తుదిపోటీలో రెండువందలు కొట్టినవాడు మరి కనబడడు. బరోడా 198కే పడిపోయెను. హోల్కరు రెండవమారు 273 చేసెను. ఇక ఏమున్నది, గెలిచినట్లే యని లోకమనుకొని యుండును. బరోడా తలవంచలేదు. 418 కావలసియుండగా వంద దాటెను, రెండువందలు దాటెను, మూడువందలు దాటెను. 361వ పరుగు దగ్గర కడపటి వికెట్టు పడినది. తేడా 56. ఆ యేడే హోల్కరు పక్షమునకు తొలి రంజీ విజయము. ఆ తుదిపోటీకి ముందు అదే ఋతువున మైసూరుమీద హోల్కరు ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసి చాలించెను. ఆరుగురు శతకములు కొట్టిరి, ఆ ఆరుగురిలో నాయకుడును ఒకడు.

ఇట్టి ఉన్నతమునుండి ఒక్క యేడులో ఎంత క్రిందికి పడవచ్చునో 1947 మార్చి చూపెను. మరల బరోడాయే. హోల్కరు 202 పరుగులకు ముగిసెను. బరోడా మూడు వికెట్లు 91 పరుగులకే పడినవి. అప్పుడు హజారే, గుల్ మహమ్మద్ కలసిరి. ఆ ఇద్దరు విడిపోవునప్పటికి వారి జోడు చేసినది 577 పరుగులు. గుల్ మహమ్మద్ 319, హజారే 288. లోకమున ఏ జోడును అంతవరకు అన్ని పరుగులు చేయలేదు. ఆ లెక్క 2006లో కొలంబోలో సంగక్కర, జయవర్ధన అను సింహళ ఆటగాండ్రు 624 చేయువరకు, అనగా ఏబదితొమ్మిదేండ్లు, చెక్కుచెదరకుండ నిలిచినది. బరోడా మొత్తము 784. హోల్కరు రెండవమారు 173. ఒక ఇన్నింగ్సు, 409 పరుగుల ఓటమి. మనకు కృష్ణ వరద తెలియును. గట్టు తెగినప్పుడు ఊరంతయు తట్టలు మోసినను నిలువదు. ఆ రెండు దినములు హోల్కరు బౌలర్ల స్థితి అదియే.

అంతటి దెబ్బ తిన్న జట్టు చెదరిపోవుట లోకసహజము. కాని మరుసటి యేడు, 1948లో, అదే హోల్కరు బొంబాయిని తొమ్మిది వికెట్లతో గెలిచెను. మూడేండ్ల క్రిందట 867 పరుగుల గురి పెట్టి నిలబెట్టిన బొంబాయినే! ఈ గెలుపును గూర్చి జనులు తక్కువగా చెప్పుదురు. నా దృష్టిలో నాలుగింటిలో బరువైనది ఇదియే. ఏలననగా తక్కిన గెలుపులు బలముతో వచ్చినవి, ఇది అవమానము మ్రింగి వచ్చినది.

ఆ యేడే ఇండోరు సంస్థానము మధ్యభారతమున విలీనమయ్యెను. రాజ్యము పోయినను ఆటపేరు కొంతకాలము నిలిచినది. హోల్కరు అను పేరుతోనే జట్టు పోటీలకు పోవుచుండెను. 1950లో మరల బరోడాతో తుదిపోటీ. ఈమారు వరదయు లేదు, గట్టును తెగలేదు. బరోడా నాలుగు వికెట్లు చేతనుండగా గెలిచెను. మరుసటి యేడు హోల్కరు గుజరాతును 189 పరుగులతో ఓడించెను. అప్పటికి ఆరు తుదిపోటీలు. మూడు గెలుపులు, మూడు ఓటములు.

1952లో బొంబాయి. హోల్కరు 531 పరుగులతో ఓడెను. లెక్క చూచినచో ఇంకేమియు చెప్పనక్కరలేదు. కాని ఆ పోటీని గూర్చి ఒక కథ ఆటగాండ్రు తరతరములుగ చెప్పుకొందురు. దత్తు ఫడ్కరు అను బొంబాయి బౌలరు వేగముగ వేసిన బంతి ఎగసి నాయుడుగారి మూతికి తగిలెనట. రెండు పళ్లు ఊడెను. నెత్తురు కారుచుండెను. వయసు ఏబదియారు. సాయము చేయవచ్చినవారిని ఆయన వెనుకకు పంపి, పిచ్చిమీద పడిన పళ్లను బ్యాటుతో ప్రక్కకు నెట్టి, మరల ఆటకు నిలిచిరట. ఫడ్కరు జాలిపడి మెల్లగ వేయబోగా, అట్టి బంతియే మరల వేయుమని అడిగిరట. తన జట్టులోని వారికి బంతి తగిలినచో ఆ చోట చేతితో రాచుకొనుటగూడ ఆయన సహించెడివారు కారందురు. ఇది కాఠిన్యము కాదా యని మీరడుగవచ్చును. కాఠిన్యమే. ఆ జట్టులో పిల్లలు ఆయనను ప్రేమించినదానికంటె భయపడినదే ఎక్కువ. అయితే పిల్లలకు పెట్టిన నియమమును తనకు సడలించుకొనలేదు. కొందరు ఇంటిపెద్దలు ఈ రెండవ సంగతి మరచెదరు.

ఇప్పుడు లెక్క మూడు గెలుపులు, నాలుగు ఓటములు. ఎనిమిదవ తుదిపోటీ 1953లో కలకత్తాలో వంగదేశపు జట్టుతో జరిగినది. నాయకుని వయసు ఏబదియేడు. ఆ ఆట గడువు లోపల పూర్తిగా తేలలేదు. ఇందాక చెప్పిన జిల్లాకోర్టు డిక్రీ ఇక్కడనే పనికివచ్చినది. మొదటి ఇన్నింగ్సున ఆధిక్యము హోల్కరుదైనందున కప్పు ఇండోరు చేరినది. ఇట్టి గెలుపు నిండుగెలుపు కాదని కొందరందురు. నేనట్లనను. నియమము ఆటకు ముందే ఇరుపక్షములకు తెలిసినదే. మొదటిమారు బ్యాటు పట్టునప్పుడే ఇది కడపటి తీర్పు కావచ్చునని ఎరిగి యాడవలెను. నాలుగు, నాలుగు. శ్రేణి సమానముగ ముగిసినది.

బరోడాతో మూడుమారులు, బొంబాయితో మూడుమారులు తలపడగా, ఇద్దరితోను హోల్కరు ఒక్కొక్కటే గెలిచెను. పరుగులు కూడినచో ఓటములు కొండంతలు, గెలుపులు గుట్టంతలు. పిట్సుబర్గు లెక్క అని ముందు చెప్పినది ఇందులకే.

తెలుగు గడ్డమీద తుదిపోటీ కథ లేదా యని మీరనుకొనకుండ ఒక్క సంగతి. 1937–38 ఋతువున హైదరాబాదు జట్టు నవానగరముతో తుదిపోటీ ఆడినది. గెలుపునకు 310 పరుగులు కావలెను. తొమ్మిది వికెట్లు పడినవి. ఎడల్జీ ఐబారా అను ఆటగాడు 137 పరుగులతో పడకుండ నిలిచి, ఒక్క వికెట్టు మిగిలియుండగా గెలిపించెను. ఇంతకంటె సన్నని గెలుపు ఈ ఆటలో వేరొకటి ఉండదు. దానిని గూర్చి వేరొక ప్రసంగమే చేయవచ్చును.

ఇక బందరువారి మాట. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ ఋతువుననే ఆంధ్రజట్టు మొదటిమారు రంజీ పోటీలో దిగినది. అప్పుడు నాయకత్వము వహించినవారు కనకయ్య నాయుడుగారు. కలకత్తాలో కప్పు అందుకొన్న యేడే, ఏబదియెనిమిదవ యేట, ఇండోరులోని ఆరితేరిన జట్టును విడిచి, అంతవరకు ఒక్క రంజీ పోటీ ఆడని పిల్లలజట్టును చేపట్టిరి. వారిచేత కప్పులు గెలిపింపగలనని ఆయన ఎంచియుండరు. పూర్వుల ఊరి ఋణమా, ఆటమీది తీరని ఆశయా యని నిర్ణయించుట నా తరము కాదు. రెండును కావచ్చును. బందరు పెద్దలు ఆయన మావారని చెప్పుకొనదలచినచో, వంశవృక్షముకంటె ఈ ఒక్క ఋతువు గట్టి దస్తావేజు.

ఆయన లేని హోల్కరు ఆ యేడు తుదిపోటీకి చేరి బొంబాయితో ఎనిమిది వికెట్లతో ఓడెను. మరుసటి యేడును చేరి మద్రాసుతో 46 పరుగులతో ఓడెను. ఆపై హోల్కరు అను పేరు పోటీల పట్టికనుండి తొలగినది. మధ్యభారతము, తరువాత మధ్యప్రదేశము ఆ స్థానమునకు వచ్చినవి. నాయుడుగారు మాత్రము ఇంకను ఆట మానలేదు. 1956లో ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చినది. 1956–57 ఋతువున అరువదియొక్క యేండ్ల వయసున ఉత్తరప్రదేశపు జట్టును నడిపిరి. 1967 నవంబరు 14వ తేదీన ఇండోరున కాలధర్మము నొందిరి. ఇండోరు సీమకు రంజీ కప్పు మరల దక్కుటకు చాలకాలము పట్టినది. 2022 జూన్‌లో బెంగుళూరున మధ్యప్రదేశపు జట్టు తుదిపోటీ గెలిచినది. ఆరు వికెట్లతో గెలిచినది. ఓడిన జట్టు బొంబాయివారిదే.